మూడు నీళ్ళు కడిగిన బియ్యం

మా అమ్మకి డెబ్బై దాటాయి. తుష్నాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా సరే, రెండు స్టాపులు దాటకముందే ఒక మాట చెప్పి తీరుతుంది. "మా పొలం బియ్యం మెయిన్‌లాండ్ పోయి ఫస్టొచ్చినాయి" అని. పక్కవాళ్ళు బెంగాలీలైతే హిందీలో చెబుతుంది, తమిళులైతే అదే హిందీని ఇంకాస్త గట్టిగా చెబుతుంది. నేను వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాను. ఆ బియ్యం ఫస్టు ఎలా వచ్చాయో తెలిసినవాళ్ళం మొన్నటిదాకా ఇద్దరమే. ఒకాయన బదిలీ మీద సముద్రం దాటిపోయాడు. రెండోదాన్ని నేను. నోరు మూసుకుని టికెట్టు నలుపుకుంటూ కూర్చునేదాన్ని.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చాతం సా మిల్లులో దుంగలు కోసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టి, తెలుగు మీడియంలో పది పాసయ్యాను. పది పాసైతే ఏమొస్తుందంటే, వరి పరిశోధన చేసే సర్కారు ఫారంలో రోజుకూలీ పని వస్తుంది. నాన్న పోయాక అమ్మా నేనూ నా కూతురూ తుష్నాబాద్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనకి దీవుల మధ్య తిరిగే ఓడలో పని. నెలకి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చి, ఉన్న రెండు రోజులూ నిద్రపోయి వెళ్ళేవాడు.

నా కూతురు అన్నం తినేది కాదు. అందరి పిల్లలూ మారాం చేస్తారు, ఇది అలా కూడా చేసేది కాదు. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేసేది. బతిమాలితే ఐదో ముద్ద. కొడితే అదీ లేదు. రెండేళ్ళప్పటి నుంచీ అంతే. నెలలో సగం రోజులు విరేచనాలు, మూతి చివర్లలో మానని పుళ్ళు, మోకాలు గీరుకుంటే నెలరోజులదాకా పచ్చిగానే ఉండేది. నాలుగేళ్ళ పిల్లని చూసి బస్సులో కండక్టరు "దో సాల్ కీ హై క్యా దీదీ" అని అడిగేవాడు, రెండేళ్ళదనుకుని. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. వీధిలోవాళ్ళు నన్ను అడిగేవారు, "పిల్లకేం పెడుతున్నావమ్మా" అని. వాళ్ళ మొహాలు చూస్తే నేనే తినేసి పిల్లని పస్తు పెడుతున్నానన్నట్టుండేది. ఒళ్ళు మండేది నాకు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మటుకు సూటిగా చెప్పింది. పిల్ల ఒంట్లో జింక్ తక్కువట. అది తక్కువైతే ఆకలి చస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఎదుగుదల ఆగిపోతుంది. చెంచా నీళ్ళలో కరిగే మాత్రలిచ్చింది. వేసినన్నాళ్ళూ పిల్ల కాస్త తేరుకుంది. అయిపోయాక మళ్ళీ మొదటికే వచ్చింది. "ఎన్నాళ్ళని మాత్రలేస్తావు, రోజూ తినేదాంట్లో ఉండాలి" అంది డాక్టరమ్మ. మాంసం, గుడ్లు, పప్పులు, గింజలు అని పెద్ద జాబితా చెప్పింది. మా పిల్ల తినేది చారన్నం నాలుగు ముద్దలు. జాబితా అంతా ఆ నాలుగు ముద్దల్లోనే ఇమడాలి.

ఇక్కడే నా ఆశ పుట్టింది. ఎందుకంటే ఆ మాట అంతకుముందే ఫారంలో విని ఉన్నాను. అప్పటికి రెండేళ్ళ కిందట గోదావరి వైపు నుంచి ఒక సైంటిస్టు సారు వచ్చాడు. మా తెలుగు విని మొదటిరోజే నవ్వాడు. "మీ తెలుగులో హిందీ కలిసిందా, హిందీలో తెలుగు కలిసిందా" అన్నాడు. మీ ఇస్త్రీ ప్యాంటులో మా బురద కలవకుండా చూసుకోండి అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మనిషి చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు. ఆయన చేసేది జింక్ ఎక్కువుండే వరిని తయారుచేయడం.

ఆ పని మేమే చేసేవాళ్ళం, చేతులతో. వరికంకి విచ్చుకోబోయే ముందు సాయంత్రం ఒక్కో పువ్వు కొన కత్తిరించి, చిన్న పట్టకారుతో లోపలి ఆరు పుప్పొడి తిత్తులూ లాగేయాలి. ఒక్కటి మిగిలినా సొంత పుప్పొడితోనే పట్టి ఆ గింజ దొంగ గింజ అయిపోతుంది. కంకికి కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కాక ఇంకో రకం కంకి తెచ్చి దాని పుప్పొడి మీద దులపాలి. ఎండలో వంగి వంగి నడుం పడిపోయేది. కానీ మా అందరిలో నా చెయ్యే నెమ్మదని సారు అనేవాడు. నేను కలిపిన కంకుల్లోనే ఎక్కువ గింజ పట్టేది.

సారు చెప్పింది నాకు బాగా అర్థమైంది. మట్టిలో జింక్ ఉన్నా గింజదాకా చేరేది కొంచెమే. కొన్ని పాత రకాలకి దాన్ని గింజలోకి పంపే గుణం పుట్టుకతోనే ఉంటుంది. అవేమో దిగుబడి ఇవ్వవు. దిగుబడి ఇచ్చేవాటికి ఆ గుణం ఉండదు. రెండింటినీ కలిపి, పుట్టినవాటిలో మంచివాటిని ఏటేటా ఏరుకుంటూ పోవాలి. దీవుల్లో ఎవరెవరి దగ్గర పాత విత్తనాలున్నాయో అడిగి తెమ్మంటే, నేను అమ్మ దగ్గరి ఎర్రబియ్యం విత్తనం తెచ్చిచ్చాను. ఎప్పుడో బర్మా నుంచి వచ్చినవాళ్ళ దగ్గర మా అమ్మమ్మ సంపాదించిన రకం అది. విత్తనం పోకుండా ఉంటే చాలని మా అరెకరంలో అమ్మ ఏటా ఒక మూల నాలుగు మొక్కలు వేస్తూ వచ్చింది. సముద్రం ఒడ్డున లోతట్టు పొలం ఉన్న ఒక బెంగాలీ ముసలాయన ఇంకో రకం ఇచ్చాడు. ఇలా ఆరేడు పాత రకాలు దొరికాయి.

డాక్టరమ్మ మాట విన్న మర్నాడే సారుని అడిగాను. "ఈ బియ్యం తినడానికి ఎప్పుడొస్తాయి సార్?"

"నాలుగైదేళ్ళు పడుతుందమ్మా. అన్నీ కుదిరితే."

"మా పిల్లకి అప్పటికి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి."

"ఎదిగే వయసేగా" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆ ఫారంలో ఎద్దులా పనిచేశాను. పిల్లకి పదేళ్ళు నిండేలోపు ఆ బియ్యం మా ఇంట్లో ఉడకాలి. నాకు ఉన్న లెక్క అదొక్కటే.

అలా ఉండగా కోతల వేళ సునామీ వచ్చింది. మా ఇల్లు భూకంపానికి గోడలు విడిచి కూలింది. మేం బతికి బయటపడ్డాం. ఫారంలో కింది మడులు మునిగాయి, నీళ్ళు పోయాక ఉప్పు తేలింది, ఇంకెప్పటికీ వరి వేయలేని నేల అయిపోయింది. కరెంటు వారాల తరబడి లేకపోవడంతో విత్తనాలు దాచే ఫ్రిజ్జు చచ్చింది. మా గాలి తడికి విత్తనం బయట ఏడాది కూడా నిలవదు. పై మడుల్లో మిగిలిన గింజలతో సారు మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై చిల్లర వరసలు నిలిచాయి. వాటిలో నలభై ఒకటో వరస అమ్మ ఎర్రబియ్యం బిడ్డ. పదిహేడోది ఆ బెంగాలీ ముసలాయన రకం బిడ్డ.

ఆ మరుసటి కోత అయ్యాక గింజలు మెయిన్‌లాండ్‌లో ఒక ల్యాబుకి పంపాలి, ఎందులో ఎంత జింక్ ఉందో చూడ్డానికి. సారు మాకు ఒకటే పాఠం రోజూ చెప్పాడు. ఇనుము తగలకూడదు. పొట్టు తీసేది రబ్బరు మిషన్ మీదే. పోసేది ప్లాస్టిక్ పళ్ళెంలోనే. చెయ్యి కడుక్కుని ముట్టుకోవాలి. మిషన్‌కి అబద్ధం చెప్పడానికి వేలి గోటికి పట్టేంత దుమ్ము చాలన్నాడు. సారు సోమవారం విమానంలో వెళ్ళాలి. శనివారం సాయంత్రానికి పది కవర్లలో ఇంకా వడ్లగింజలూ రాళ్ళూ ఏరడం మిగిలిపోయింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళి ఏరి తెమ్మన్నాడు. నమ్మకం మరి.

ఆదివారం పొద్దున అమ్మకీ చెయ్యి కడిగించి, ప్లాస్టిక్ పళ్ళెంలో ఇద్దరం ఏరాం. నలభై ఒకటో కవరు విప్పగానే అమ్మ ఆగింది. గింజ ఎరుపు చూసి గుర్తుపట్టింది.

"ఇది మన బియ్యం పిల్లే గదే?"

"అవును."

"ఇది కూడా సముద్రం దాటి పోతాదా?"

"పోతుంది. పెద్ద పెద్దవాళ్ళు చూస్తారు."

అమ్మ ఆ గింజల్ని అరచేతిలో పోసుకుని చూసుకుంది. ఏరడం అయిపోయింది. పిల్లకి మళ్ళీ విరేచనాలు పట్టుకుని నీరసించిపోతే, మధ్యాహ్నం ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. దీపాలు పెట్టే వేళకి వచ్చాను. పది కవర్లూ బల్ల మీద వరసగా ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్ళి సారు చేతిలో పెట్టాను.

రెండు నెలలకి కాగితం వచ్చింది. సారు పరిగెత్తుకుంటూ మడిదాకా వచ్చాడు, ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలోకి. నలభై ఒకటి అన్నిటికన్నా మీదుంది. మామూలుగా మీదుండటం కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మిగతావన్నీ ఒక గుంపుగా ఉంటే ఇదొక్కటి ఎక్కడో పైన ఉంది. దానికి చాలా కింద, గుంపుకి కాస్త పైన, పదిహేడు రెండోదిగా ఉంది.

"మీ అమ్మగారి బియ్యమేనమ్మా" అన్నాడు సారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను, అబద్ధం చెప్పను. నేనూ ఏడ్చాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ కొంగు నడుముకి బిగించి, చెప్పాల్సిన ఇళ్ళు ఏవేవో వరసగా అనుకుంటూ బయల్దేరింది. ఆ రోజు మొదలైన ప్రచారమే ఇప్పటికీ బస్సుల్లో నడుస్తోంది.

ఇక మడులు. మిగిలినవే కొన్ని. అన్ని వరసలూ వేయడానికి చోటు లేదు. సారు నలభై ఒకటికి పెద్ద మడి ఇచ్చాడు, దిగుబడి బాగున్న ఇంకో రెండిటికి చెరో చిన్న మడి. పదిహేడు దగ్గర కాసేపు ఆగాడు. పొట్టి మొక్క, కంకికి గింజలు తక్కువ. ఉన్న గుణం ఒక్క జింకే, ఆ జింక్‌లో నలభై ఒకటి దాన్ని తొక్కేసింది. "ఇంక దీనితో పనేముంది" అని పెన్సిలుతో కొట్టేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక గుప్పెడు దాచుదామని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. మా బియ్యం గెలిచిన సంబరంలో ఉన్నాను నేను.

కొట్టేసిన వరసల గింజలు కూలీలు ఇంటికి పట్టుకుపోవడం మా ఫారంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మందు కలపనివి కాబట్టి తినొచ్చు. నా వాటాకి మూడు చిన్న సంచులొచ్చాయి. వాటిలో పదిహేడు ఒకటి. దాని ట్యాగు నేనే తెంపి పారేశాను. అంత కొంచెం వడ్లు మిల్లువాడు పట్టడు కాబట్టి అమ్మ రోట్లో పోసి దంచింది. తవుడు పోకుండా ముద్దముద్దగా ఉడికేది ఆ అన్నం. మిగతా రెండూ అయ్యాక ఆఖర్న విప్పిన పదిహేడు ఒక వారం వచ్చింది.

ఆ వారంలో పిల్ల కంచం పక్కకి జరపలేదు. రెండోరోజో మూడోరోజో, తిన్నాక కంచం ముందుకి తోసి "ఔర్ దేవ్ మమ్మీ" అంది. పుట్టాక అది మారు అన్నం అడగడం అదే మొదలు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ అంది, "నా సేపల పులుసు మరేటనుకున్నావు" అని. నిజమే, ఆ వారం మంచి చేపలొచ్చాయి. పులుసు వల్లే అనుకున్నాం. వారం అయ్యాక రేషను బియ్యానికి వచ్చాం. పులుసు అదే పులుసు, పిల్ల మళ్ళీ నాలుగు ముద్దలకి వచ్చింది. చేప మారిందేమో అనుకుంది అమ్మ. నేను ఏమీ అనుకోలేదు. అనుకునే తీరిక లేదు, నలభై ఒకటికి పెద్ద మడి నాటుతున్నాం.

తరవాతి ఏడాది కాగితం వచ్చేసరికి సారు బురదలోకి రాలేదు. నన్నే గదిలోకి పిలిచాడు. నలభై ఒకటి గుంపులో కలిసిపోయింది. మధ్యలో ఎక్కడో ఉంది, పేరులేని పేదవాడిలా. సునామీ ఉప్పు వల్ల మట్టి మారి ఉంటుంది అన్నాడు. మడి మార్చి ఇంకో ఏడాది వేశాం. మళ్ళీ అంతే. మూడో కాగితం బల్ల మీద పెట్టి సారు నన్ను అడిగాడు.

"మొదటి ఏడాది ఆ కవరు మీ ఇంటికి వెళ్ళింది కదమ్మా. ఏం జరిగింది?"

"ఏరాం సార్. ప్లాస్టిక్ పళ్ళెంలోనే. చెయ్యి కడుక్కునే."

"ఇంకేం జరగలేదా?"

"లేదు సార్" అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో కూర్చుని చేపలు తోముతోంది. ఊరికే అడిగినట్టు అడిగాను. అమ్మ ఎంత గర్వంగా చెప్పిందో చెప్పలేను.

"నీకు సెప్పలేదేటే? నువ్వు గుంటని ఆస్పత్రికి తీసుకుపోనావు గదా, అప్పుడు నాను కడిగినాను. మిగతావి ఎవులివో, మనకేటి. మన గింజలు మటుకు పెద్దోల ముందుకి పోతన్నాయి. మట్టితోటి పంపుతామా? మూడు నీల్లు కడిగి, కాసేపు నానబెట్టి, రేకు మీద ఆరబోసినాను. ఎక్‌దమ్ సాఫ్."

రేకు. ఇల్లు కూలినవాళ్ళకి సర్కారు కొత్త రేకులిచ్చింది. ఓడలో వచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లో హాడో రేవు దగ్గర వానకి నాని, కట్టలు కట్టలుగా మా ఊరు చేరాయి. నానిన రేకు మీద తెల్లగా బూజులాంటి పొడి పూస్తుంది. చేత్తో రాస్తే సున్నంలా అంటుకుంటుంది. ఆ తెల్లపొడి జింకే. రేకు ఇనుముకి తుప్పు పట్టకుండా పూసేది అదే. మా కప్పు అదే రేకు, కప్పు మీద పడ్డ వాన పట్టుకున్న డ్రమ్ము అదే రేకు, ఆ డ్రమ్ము నీళ్ళే మూడు నీళ్ళు. అమ్మ తడి బియ్యాన్ని ఆ పొడి మీద పోసి, చేత్తో నెరిపి నెరిపి ఆరబెట్టింది. మెయిన్‌లాండ్ మిషన్ చూసింది మా బియ్యాన్ని కాదు, మా ఇంటి కప్పుని.

కాకి పిల్ల కాకికి ముద్దు. పది కవర్లలో పరాయివాళ్ళ తొమ్మిదీ ఎలా ఉన్నవి అలా వెళ్ళాయి, కాబట్టి నిజం చెప్పాయి. మనది అని ముద్దు చేసిందొక్కటే అబద్ధం చెప్పింది. అమ్మని ఏమనాలో నాకు తోచలేదు. చేపల గిన్నెతో సహా అమ్మని బావిలో తోసేయాలన్నంత కోపం వచ్చింది, రాస్తున్నాను కాబట్టి దాచను. ఆ ముసలి చేతులు చేప పొట్టలో దూరి, పేగులు తీస్తూ, అప్పుడూ శుభ్రమే చేస్తున్నాయి. లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు సారుతో చెప్పాను. "నేనే కడిగాను సార్. రేకు మీద ఆరబెట్టాను."

అమ్మ పేరు ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆయన ఫారంలో చెబుతాడు, ఫారం నుంచి ఊళ్ళోకి వస్తుంది, అమ్మ ఇంకెవరికీ ఆ మాట చెప్పుకోలేదు. ఉన్న ఒక్క గొప్ప అదే దానికి.

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాగితాలు సర్దుకుంటూ, "ఇనుము వద్దన్నాను, నీళ్ళు వద్దని చెప్పలేదు నేను" అన్నాడు తనలో తను. తరవాత మొదటి కాగితం తీసి వేలుతో కిందికి వెతికాడు.

"అయితే అసలు ఫస్టు ఇదన్నమాట. పదిహేడు. పదిహేడు గింజలు ఎక్కడున్నాయి?"

పదిహేడు మీది పెన్సిలు గీత చూపించాను.

"కొట్టేశాం, తెలుసు. ఎవరైనా పట్టుకెళ్ళారేమో, ఎక్కడైనా గుప్పెడు ఉంటుందేమో అడుగు. ఎవరు తీసుకెళ్ళారు?"

"నేనే సార్."

ఆయన లేచి నిలబడ్డాడు. ఆ మొహంలో వచ్చిన ఆశ చూసి నాకు చచ్చిపోవాలనిపించింది.

"ఉన్నాయా?"

"తినేశాం సార్."

సారు నవ్వాడు. పెద్దగా, ఆపుకోలేనట్టు, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వాడు. నేను ఇంటికి వచ్చేశాను.

మళ్ళీ కలుపుదామంటే ఆ బెంగాలీ ముసలాయన పొలం ఇప్పుడు ఉప్పు కయ్య. మడ చెట్లు మొలిచాయి, చేపలు ఈదుతున్నాయి. ఆయన దగ్గరున్న విత్తనం ఆ నీళ్ళలోనే పోయింది. ఇంకెవరి దగ్గరైనా ఉందేమోనని రెండు సెలవు రోజులు ఊళ్ళు తిరిగాను. అందరూ పోక తోటలు వేసేశారు. ఏడాది తిరక్కుండా సారుకి బదిలీ వచ్చింది. వెళ్ళేముందు ఆయన రాసిన రిపోర్టు టైపు చేసిన అమ్మాయి నాకు చదివి వినిపించింది. "స్థానిక పర్యావరణ కారణాల వల్ల మొదటి ఫలితం నిలవలేదు" అని ఉందట. మా అమ్మ మూడు నీళ్ళూ స్థానిక పర్యావరణ కారణాలైపోయాయి. నా మీద ఒక్క మాట రాయలేదు ఆయన. ఆ పుణ్యం ఆయనదే, కాదనను. ఆ తర్వాత మా ఫారంలో జింక్ మాట ఎత్తినవాళ్ళు లేరు. మడుల్లో వంగ నాటాం.

పిల్లకి పదేళ్ళు నిండాయి. మాత్రలు ఉన్నప్పుడు వేశాం, ఓడ ఆలస్యమై స్టాకు లేదన్నప్పుడు మానేశాం. చచ్చిపోలేదు, పెరిగింది. గుమ్మానికి ఏటా బొగ్గుతో గీత గీసేదాన్ని. గీతలు ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా ఉంటే, చూడలేక ఒక ఏడాది గీయడం మానేశాను. చదువులో మటుకు చురుకు. పరుగులో ఇంకా చురుకు. పోలీసు ఉద్యోగం చేయాలని దానికి చిన్నప్పటి నుంచీ పట్టుదల. రోజూ తెల్లారకముందే లేచి రోడ్డు మీద పరిగెత్తేది.

ఈ నెలలోనే సెలక్షన్‌కి వెళ్ళింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో కూర్చుంది.

"పరుగు దాకా రానివ్వలేదు మమ్మీ. ముందు హైట్ కొలిచారు. ఒకటిన్నర ఇంచి తక్కువ. లైన్లోంచి పక్కకి వెళ్ళమన్నారు."

నేను దాని పక్కన కూర్చున్నాను. అమ్మ మంచం మీద నుంచి లేచి వచ్చింది. మనవరాలి తల నిమురుతూ, నన్ను చూసి అంది.

"అప్పుడే అనుకున్నాను. మన బియ్యం ఫస్టొచ్చినాయి గదా, అవి ఈ గుంటకి పెట్టుకుని ఉంటే ఈపాటికి తాడిసెట్టంత అయ్యును. నువ్వు పిల్లకి పెట్టకుండా సర్కారోలకి దోసిపెట్టినావు. కన్నతల్లివేనా నువ్వు?"

పదిహేనేళ్ళు దాచిన మాట, ఎక్కడ తెగిందో తెలియదు, మొత్తం బయటికి వచ్చేసింది. కడగడం, డ్రమ్ము నీళ్ళు, రేకు మీది తెల్లపొడి, మూడు కాగితాలు, పదిహేడు, సారు నవ్వు. నేనే కడిగానని చెప్పి తల దించుకున్నది కూడా చెప్పాను. "నువ్వు కడక్కపోతే ఆ పదిహేడు ఉండేది. ఇది నిలువునా పెరిగేది. నీ శుభ్రం మండిపోను" అన్నాను. కన్నతల్లిని ఆ మాట అన్నాను. ఇప్పుడు కూలిపోతుంది ముసలిది, ఇందుకే కదా ఇన్నాళ్ళు దాచింది అనుకున్నాను.

అమ్మ అంతా విన్నది.

"అయితే ఏటి?" అంది. "మురికి బియ్యం పంపుతారేటి ఎవులైనా? ఫస్టొచ్చినాయా లేదా, అది సెప్పు." వెళ్ళి మంచం మీద పడుకుంది.

పదిహేనేళ్ళు నేను మోసింది ఇందుకోసం. ఏడుపు కూడా రాలేదు నాకు.

నా కూతురు మటుకు కదలకుండా గుమ్మంలోనే కూర్చుంది. చెప్పులు విప్పుతూ అడిగింది.

"ఆ పదిహేడు నంబర్ నేను తిన్నానా మమ్మీ?"

"తిన్నావు. వారం రోజులు."

"ఎలా ఉండింది?"

"నాకు గుర్తులేదు" అన్నాను. "నువ్వు మటుకు ఇంకా కావాలని అడిగావు."